‘మీకు ఏమి చేయాలని ఉన్నది?’ – ఆక్యుపేషనల్ థెరపీలో మొదటి ప్రశ్న

ప్రత్యేక వ్యాసం

బుద్వేల్ (రంగారెడ్డి జిల్లా): పక్షవాతం వచ్చిన మనిషి చేయి ఎంత పైకి లేచినదో కొలిచే పరికరాలు ఉన్నాయి. పిడికిలి బిగువు ఎన్ని కిలోలో చెప్పే యంత్రం కూడా ఉన్నది. ఆ చేతితో ఆ మనిషి ఏమి చేయదలచుకున్నాడో చెప్పే యంత్రం మాత్రం లేదు. అది అడిగి తెలుసుకోవలసినదే. ఆ అడగడాన్నే చికిత్సకు పునాదిగా చేసుకున్న శాఖ ఆక్యుపేషనల్ థెరపీ. ఏటా అక్టోబర్ 27వ తేదీన ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపీ దినోత్సవం జరుగుతున్నప్పటికీ, ఈ శాఖను గూర్చి మన పత్రికలలో గాని, కార్యాలయ దస్త్రాలలో గాని స్పష్టత తక్కువ. ఈ చదువులో చేరిన విద్యార్థులు తమ వద్దకు వచ్చే వ్యక్తుల లక్ష్యాలను, వాటి వెనుక ఉన్న కోరికలను ఏ విధంగా గ్రహించవలసి ఉంటుందో పాత్రికేయులకు, అధికారులకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేరుతో వచ్చిన చిక్కు

‘ఆక్యుపేషనల్ థెరపీ’ని తెలుగులో ‘వృత్తి చికిత్స’ అని వ్రాయడం అలవాటైనది. దానితో ఇది ఉద్యోగం ఇప్పించే శాఖ అని కొందరు, చేతిపనులు నేర్పే శాఖ అని మరికొందరు భావిస్తున్నారు. ఈ శాస్త్రంలో ‘ఆక్యుపేషన్’ అనగా మనిషి రోజును నింపే ప్రతి పనీ. స్నానం చేయడం, చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడం, అన్నంలో పప్పు కలుపుకొని ముద్ద నోటికి అందించుకోవడం, నమాజుకు ముందు వజూ చేసుకోవడం, బడికి పోవడం, పొలానికి పోవడం, పొద్దుగూకిన తరువాత పక్కింటివారితో మాట్లాడుతూ కూర్చోవడం – ఇవన్నీ దాని పరిధిలోనివే. మన భాషలో దీనికి ‘వ్యాపకం’ అనే చక్కని మాట ఉన్నది. ‘వ్యాపక చికిత్స’ అని ఉంటే సగం అపోహలు పుట్టేవి కావని ఈ రచయిత అభిప్రాయం. వాడుకలో స్థిరపడనందున ఇక్కడ ఆంగ్ల నామాన్నే ఉంచడమైనది.

ఫిజియోథెరపీ ప్రధానంగా కండరాల బలం, కీళ్ళ కదలిక, నడక, నొప్పి నివారణలపై దృష్టి పెడుతుంది. ఆక్యుపేషనల్ థెరపీ ఆ బలంతో, ఆ కదలికతో మనిషి తన పనిని చేసుకోగలుగుతున్నాడా అని చూస్తుంది. చేసుకోలేకపోతే పని చేసే పద్ధతిని మారుస్తుంది, లేదా పనిముట్టును, ఇంటిని మారుస్తుంది. రెండు శాఖలకూ ఒకదానితో ఒకటి పని ఉన్నది.

మరొక మాట. ఈ శాఖ పాఠ్యపుస్తకాలలో ‘పేషెంట్’ బదులు ‘క్లయింట్’ అని వ్రాస్తారు. మన శాఖలలో ‘లబ్ధిదారుడు’ అంటాము. మూడు దశాబ్దాలుగా ఆ మాటను వేల సార్లు వ్రాసిన ఈ రచయితకు దానిలోని లోపం ఆలస్యంగా తెలిసినది: లబ్ధిదారుడు పుచ్చుకొనేవాడే తప్ప, కోరేవాడు కాడు. ఈ వ్యాసంలో ‘సేవార్థి’ అని వాడుతున్నాము. సేవను కోరి వచ్చినవాడు అని దాని అర్థం.

చేట కథ

రాజేంద్రనగర్‌ను ఆనుకొని, వ్యవసాయ విశ్వవిద్యాలయ భూములకూ శంషాబాద్ విమానాశ్రయ రహదారికీ నడుమ ఉన్న బుద్వేల్ ఒకప్పుడు పల్లె. 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత, 2009లో పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వచ్చిన తరువాత దీని రూపు మారినది. 2024 మార్చిలో నూతన హైకోర్టు భవన సముదాయానికి ఇక్కడే శంకుస్థాపన జరిగినది. అయినా పాత ఊరిలో అరుగులున్న ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. అటువంటి ఒక ఇంటిలో ఈ రచయిత మేనత్త నివసిస్తున్నారు. డెబ్బది యేళ్ళు దాటిన తరువాత ఆమెకు ఎడమ వైపు పక్షవాతం సోకినది. మాట పోలేదు, బుద్ధి చెదరలేదు, ఎడమ చేయి మాత్రం బరువెక్కినది.

ఆసుపత్రిలో చెక్కపలకలో మేకులు గుచ్చే అభ్యాసం, రబ్బరు బంతి నొక్కే అభ్యాసం ఇచ్చారు. ఆమె రెండు రోజులు చేసి మానివేసినది. కేసు కాగితంలో ‘సహకరించుట లేదు’ అని వ్రాశారు. తప్పు వారిది మాత్రమే అనడానికి వీలు లేదు. ‘ఈమెకు ఏమి కావాలి?’ అని వారు అడిగినపుడు, మంచం చుట్టూ నిలబడిన మేమే ‘నడవాలి సార్, తన పని తాను చేసుకోవాలి’ అని బదులు చెప్పాము. ఆమె ఎదుటనే ఉన్నది. ఆమెను ఎవరూ అడగలేదు; మేమూ అడగలేదు.

ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు, శిక్షణలో ఉన్న ఒక ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థిని ఇంటి సందర్శనకు వచ్చినది. ఆ అమ్మాయి చేయి పట్టి చూడలేదు. పీట వాల్చుకొని ఎదురుగా కూర్చొని, ‘పెద్దమ్మా, జబ్బు రాకముందు మీకు పొద్దుటి నుండి రాత్రి దాకా ఎట్లా గడిచేది?’ అని అడిగినది. అరగంట పైగా విన్నది. చివరకు మేనత్త నోటి వెంట వచ్చిన మాటను ఉన్నది ఉన్నట్లు ఇక్కడ వ్రాస్తున్నాను: ‘చెయ్యి సంగతి పక్కన పెట్టు బిడ్డా. పొద్దుగూకంగ అందరు అరుగు మీద చేటలు పట్టుకొని కూసుంటరు. నేనొక్కదాన్నే లోపల గోడ దిక్కు చూసుకుంట కూసుంటున్న.’

ఇప్పుడు బియ్యం సంచులలో శుభ్రంగానే వస్తున్నాయి. రాళ్ళు ఏరవలసిన అవసరం దాదాపు లేదు. అయినా ఆ వీధిలో చేట ఒక నెపం. సాయంకాలపు కూర్చుబాటు అసలు విషయం. ఆ విద్యార్థిని దానిని పట్టుకున్నది. ‘ఏమి చేయాలని ఉన్నది’ అనేది మొదటి ప్రశ్న అయితే, ‘ఎందుకు’ అనేది దాని లోపలి ప్రశ్న. మొదటిదానికి జవాబు ‘బియ్యం ఏరడం’. రెండవదానికి జవాబు ‘నలుగురిలో ఉండడం’. మొదటిదానితో ఆగిపోయి ఉంటే, లోపలి గదిలోనే ఒక చేట, గుప్పెడు బియ్యం ఇచ్చి అభ్యాసం చేయించి ఉండేవారు. మేకుల పలకకు, దానికి తేడా ఉండేది కాదు.

తరువాతి పని సాంకేతికమైనది. గడప దాటడం, ఒక మెట్టు దిగి అరుగు వద్దకు చేరడం, నేల మీద కూర్చొని లేవలేదు గనుక ఎత్తైన పీట, గోడకు ఒక పట్టుకొమ్మి. చెరగడానికి రెండు చేతులూ సమానంగా ఎగరవేయవలసి ఉంటుంది. ఏరడానికి ఒక చేయి ఏరితే రెండవ చేయి చేటను ఒడిలో కదలకుండా పట్టుకుంటే చాలు. అందుచేత ఏరడంతో మొదలు పెట్టించినది. బలహీనమైన చేతికి ‘సాయం చేయి’గా పని దొరికినది. రబ్బరు బంతిని పది సార్లు నొక్కని చేయి చేట అంచును ముప్పావుగంట పట్టుకొని ఉన్నది. పక్షవాతం తరువాత మెదడు తిరిగి నేర్చుకొనడానికి అర్థవంతమైన పనిని, పలుమార్లు, ఆ పని జరిగే చోటనే చేయించడం మేలని నేటి పునరావాస శాస్త్రం అంగీకరిస్తున్నది. అన్ని మార్లు చేయాలంటే మనిషికి చేయాలని ఉండాలి.

రోగి స్థాపించిన శాఖ

ఈ శాఖ పుట్టుకలోనే ఈ దృష్టి ఉన్నది. 1917 మార్చిలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో ఆక్యుపేషనల్ థెరపీ తొలి సంఘం ఏర్పడినపుడు, ఆ సమావేశాన్ని తన ఇంట జరిపించిన జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్ వైద్యుడు కాడు. ఆయన వాస్తుశిల్పి. క్షయతో బాధపడి, ఎడమ పాదంలో కొంత భాగం కోల్పోయి, ఎడమ వైపు పక్షవాతానికి గురై, పనులు చేసుకొంటూ తేరుకున్న మనిషి. ఆయనతో పాటు మానసిక వైద్యుడు విలియం రష్ డంటన్, సంఘ సేవకురాలు ఎలినార్ క్లార్క్ స్లాగిల్ ఉన్నారు.

భారతదేశంలో ఈ విద్యకు ఆద్యురాలు కమలా నింబ్కర్. అమెరికాలో ఎలిజబెత్ లండీగా పుట్టి, భారతీయుని వివాహమాడి, ఇక్కడి పేరు, ఇక్కడి జీవితం స్వీకరించిన ఆమె 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో తొలి శిక్షణ పాఠశాలను నెలకొల్పారు. 1952లో అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం ఏర్పడినది. అదే సంవత్సరం ఏర్పాటైన ప్రపంచ సమాఖ్యకు పది వ్యవస్థాపక దేశాలలో భారతదేశం ఒకటి.

లక్ష్యం ఎవరిది అనే ప్రశ్న ఎంత బరువైనదో తెలియజేసే ఘట్టం చిత్తూరు జిల్లా సరిహద్దుకు దాపున ఉన్న వేలూరులో జరిగినది. 1940ల చివరలో వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ కుష్ఠు వ్యాధి వలన కొంకరలు పోయిన చేతులకు స్నాయువులను మార్చి కట్టే శస్త్రచికిత్స మొదలుపెట్టారు. ముడుచుకున్న వేళ్ళు తెరచుకున్నాయి. వైద్యుని దృష్టిలో అది విజయం. కొందరు రోగులు తిరిగి వచ్చి, బాగైన చేతులతో భిక్ష కూడా దొరకడం లేదని మొరపెట్టుకున్నారు. వెలివేసిన ఊరు పని ఇవ్వదు, బాగైన చేయి జాలి పుట్టించదు. బ్రాండ్ ఆ ఫిర్యాదును కృతఘ్నతగా భావించలేదు. 1950ల తొలి సంవత్సరాలలో న్యూ లైఫ్ సెంటర్ పేరిట ఒక చిన్న ఆవాసం ఏర్పరచి, వడ్రంగం, చెక్క బొమ్మల తయారీ వంటి పనులు నేర్పించారు. స్పర్శ లేని వేళ్ళకు గాయం కాకుండా పనిముట్ల పిడులను మార్పించారు. ‘ఈ చేయి దేనికొరకు’ అనే ప్రశ్న శస్త్రచికిత్సకు ముందే అడగవలసినదని అక్కడ తేలినది.

మన నగరంలోనూ అటువంటి ప్రయత్నం జరిగినది. హైదరాబాద్ తొలి మహిళా మేయరుగా పనిచేసిన వనపర్తి రాణి కుముదినీ దేవి 1958లో కూకట్‌పల్లిలో నెలకొల్పిన శివానంద పునరావాస గృహం కుష్ఠు రోగులకు చికిత్సతో పాటు నివాసం, పని కల్పించినది.

అడగడం ఎట్లా?

విద్యార్థులకు బోధించే పద్ధతులలో కెనడాలో రూపొంది 1991లో వెలువడిన ‘కెనడియన్ ఆక్యుపేషనల్ పర్ఫార్మెన్స్ మెజర్’ విస్తారంగా వాడుకలో ఉన్నది. స్వీయ సంరక్షణ, పనిపాటలు, తీరిక – ఈ మూడు రంగాలలో తాను చేయదలచి చేయలేకపోతున్న పనులను సేవార్థియే చెబుతాడు. ప్రతిదానికి అది తనకు ఎంత ముఖ్యమో 1 నుండి 10 లోపు అంకె వేస్తాడు. అందులో అయిదింటికి మించకుండా ఎంచుకొని, ఇప్పుడు ఎంత చేయగలుగుతున్నాడు, చేస్తున్నదానిపై ఎంత తృప్తి ఉన్నది అని మళ్ళీ అంకెలు ఇస్తాడు. కొంత కాలానికి ఆ అంకెలను తిరిగి అడుగుతారు. రెండు అంకెల పెరుగుదల ఉంటే గుర్తింపదగిన మార్పుగా పరిగణిస్తూ వచ్చారు.

ఈ పద్ధతిలోని మెలకువ చివరి అంకెలో ఉన్నది. చేయగలగడం వేరు, తృప్తి వేరు. మా మేనత్త విషయంలో పదికి ఎన్ని అనే లెక్క ఆమెకు పట్టుబడలేదు. ఆ విద్యార్థిని ‘రూపాయికి ఎన్నణాలు?’ అని అడిగినది. ప్రాముఖ్యానికి పదహారణాలు అన్నది. చేయగలగడం మొదట రెండణాలు, మూడు నెలలకు ఆరణాలు. తృప్తి మాత్రం రెండణాల నుండి పదమూడణాలకు పోయినది. కొలమానాన్ని ఈ విధంగా మార్చినపుడు ఆ సంగతిని రికార్డులో వ్రాయవలసి ఉంటుంది. ఆ అమ్మాయి వ్రాసినది కూడా. చేయి పూర్తిగా రాలేదు. రాళ్ళు ఏరే పనిని మేనత్త పక్కింటి ఆమెకు అప్పగించి, తాను చేట పట్టుకొని ఊరి సంగతులు చెబుతున్నది. పిడికిలి కిలోలు మాత్రమే కొలిచేవారికి ఇది విఫలమైన కేసుగా కనిపించవచ్చును.

ఆంగ్లంలో చదివిన ప్రశ్నను తెలుగులోకి దించితే పని జరగదు. ‘మీ లక్ష్యాలు ఏమిటి?’ అని అడిగితే పాత ఊరి వారు ఇంటర్వ్యూకు వచ్చినట్లు బెదిరిపోతారు. చాలమంది ‘మీ దయ డాక్టరు గారూ, మీరు ఎట్లా అంటే అట్లా’ అంటారు. అది జవాబు కాదు, మర్యాద. నిన్నటి దినం ఎట్లా గడిచినదని, ఏ పని వేరొకరు చేసిపెడుతుంటే మనసుకు కష్టంగా ఉన్నదని, పండుగ వస్తున్నది కదా ఏమి చేసేవారని అడిగితే మాట కదులుతుంది. బుద్వేల్, అత్తాపూర్, శివరాంపల్లి ప్రాంతాలలో దక్కనీ ఉర్దూ ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు అనేకం. ఆ నాలుగు మాటలు నేర్వని విద్యార్థికి సగం తలుపులు మూసుకొని ఉంటాయి.

ఇక కుటుంబం సంగతి. మన వద్ద రోగి ఒంటరిగా రాడు. కొడుకు, కోడలు, బావమరిది, పక్కింటివారు వస్తారు. ప్రశ్న ఎవరిని అడిగినా సమాధానం పెద్దవారు చెబుతారు. వారిని బయటకు పంపడం మర్యాద కాదు, ఉపయోగమూ కాదు. ఇంటిలో చేయిపట్టి నడిపించవలసినది వారే. అందరి మాట విన్న తరువాత, ‘ఇప్పుడు నాయనమ్మ మాట విందాము’ అని కొంత సమయాన్ని విడిగా కేటాయించడం అనుభవజ్ఞులు అనుసరించే మార్గం. రెండు కోరికలు ఎదురుపడినపుడు రెండింటినీ కాగితంపై పెడతారు. కోడలికి అత్తగారు స్నానం తానే చేసుకోవాలని ఉంటుంది. అత్తగారికి పూజ గది వరకు పోవాలని ఉంటుంది. స్నానం చేయకుండా పూజకు పోరాదు కనుక, తెలివైన థెరపిస్టు పూజతో మొదలుపెట్టి స్నానానికి చేరుకొంటాడు.

ఎవరి సాయం లేకుండా బ్రతకడమే అందరి లక్ష్యం అనుకోవడం పాశ్చాత్య పాఠ్యపుస్తకాల వెంట వచ్చిన అలవాటు. దీనిని ప్రశ్నించినవారిలో మైకేల్ ఇవామా ముఖ్యులు. జపాన్‌లోని థెరపిస్టులతో కలసి రూపొందించి 2006లో గ్రంథ రూపంలో వెలువరించిన ‘కావా’ నమూనాలో ఆయన జీవితాన్ని నదిగా చూపారు. కావా అంటే జపాను భాషలో నది. నీరు ప్రాణశక్తి, ఒడ్లు, అడుగు నేల చుట్టూ ఉన్న మనుషులు, పరిస్థితులు, బండలు కష్టాలు, కొట్టుకువచ్చే దుంగలు మనిషి స్వభావం, ఆస్తిపాస్తులు. బండను తొలగించలేకపోయినా ఒడ్డును కొంచెం వెడల్పు చేస్తే నీరు పారుతుంది. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినపుడు ఈసీ వాగు తీరును చూసిన రాజేంద్రనగర్ వాసులకు ఈ పోలిక వివరించనవసరం లేదు.

మనసు లేకపోవడం కూడా లక్షణమే

‘ఈ రోగికి ఆసక్తి లేదు’ అనే మాట కేసు కాగితాలలో తరచు కనిపిస్తుంది. విద్యార్థి ఈ మాట వ్రాసే ముందు కనీసం మూడు సంగతులు పరిశీలించవలసి ఉంటుంది. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి ఏదో ఒక దశలో కుంగుబాటు కలుగుతున్నట్లు వైద్య పరిశోధనలు తెలుపుతున్నాయి. దానికి చికిత్స ఉన్నది. మెదడులో కొన్ని భాగాలు దెబ్బతిన్నపుడు పని ఆరంభించే శక్తియే తగ్గిపోతుంది. దానిని సోమరితనం అనడం అన్యాయం. మాట పోయినవారికి కోరిక పోయినట్లు కాదు. బొమ్మల కార్డులు, ఇంటిలోని వస్తువులు ముందు పెట్టి ఎంచుకోమనవచ్చును. చిన్న పిల్లలకు కూడా ఈ విధానమే పనికివస్తుంది. తల్లిదండ్రులకు కుదురైన దస్తూరీ కావాలి, పిల్లవానికి తోటివారితో క్రికెట్ కావాలి. బంతి విసిరే భుజానికి, పలక మీద వ్రాసే భుజానికి స్థిరత్వం ఒకటే అని తెలిసిన థెరపిస్టుకు ఈ తగవు తీర్చడం కష్టం కాదు.

అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ మద్యపాన సమస్య ఉన్నవారితో పనిచేస్తూ 1983లో ప్రతిపాదించిన, తరువాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలసి విస్తరించిన సంభాషణ పద్ధతి ఈ శాఖకు కూడా అక్కరకు వచ్చినది. ఎదుటివారిని సరిదిద్దాలనే తొందర థెరపిస్టుకు ప్రధాన శత్రువు అని ఆ పద్ధతి హెచ్చరిస్తుంది. మనము ఎంత గట్టిగా ‘చేయాలి’ అంటే వారు అంత గట్టిగా ‘చేయలేను’ అనే కారణాలు వెదుకుతారు. మార్పుకు కారణం వారి నోటనే వచ్చే విధంగా అడగడం నేర్వవలసిన నేర్పు. మన శాఖల ప్రచార కార్యక్రమాలకు కూడా ఇది వర్తిస్తుందేమో; అది వేరే చర్చ.

కోరిన ప్రతిదీ నెరవేరదు. ఒక ఉదాహరణ ఊహిద్దాము. విమానాశ్రయానికి కారు నడిపే డ్రైవరుకు పక్షవాతం వలన ఎడమ వైపు చూపు మేర తగ్గినది. ‘మళ్ళీ స్టీరింగ్ పట్టాలి’ అంటాడు. సరే అనడం ప్రమాదం, కుదరదు అనడం మనిషిని కూల్చడం. ఇక్కడ కూడా ‘ఎందుకు’ అనే ప్రశ్న దారి చూపుతుంది. వాహన రుణం వాయిదాల గురించా, ఇంటిలో సంపాదించేవానిగా ఉన్న గౌరవం గురించా, రాత్రి వేళ తోటి డ్రైవర్లతో తాగే చాయ్ గురించా? మొదటిదైతే కారు వేరొకరికి ఇచ్చి లెక్కలు, బుకింగులు తాను చూసుకొనే అభ్యాసం చేయించవచ్చును. మూడవదైతే బుద్వేల్ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. రైలు ఎక్కి ఉందానగర్ వరకు తానుగా పోగలగడం తొలి లక్ష్యం కావచ్చును. వాహనం నడపడం గురించిన నిర్ణయం వైద్య పరీక్ష తరువాతనే అని మాత్రం దాచకుండా చెప్పవలెను.

శాతం చెప్పేది, చెప్పనిది

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశపెట్టిన సదరెం శిబిరాలు వైకల్య ధ్రువీకరణను కంప్యూటరీకరించి దళారుల బెడదను తగ్గించడంలో ఎంతో తోడ్పడ్డాయి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం గుర్తింపు పొందిన వైకల్యాలు 21. రిజర్వేషన్ వంటి ప్రయోజనాలకు 40 శాతం కనీస పరిమితి. న్యాయంగా పంచడానికి శాతం అవసరమే. అయితే శాతం దేహం గురించి చెబుతుంది, దినం గురించి చెప్పదు. 60 శాతం ధ్రువపత్రం ఉన్న ఇద్దరిలో ఒకరు టైలరు, ఒకరు పూజారి కావచ్చును. ఒకరిది రెండవ అంతస్తు, మరొకరిది పొలంలోని ఇల్లు కావచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన వర్గీకరణ దేహ లోపంతో పాటు చేసే పనులను, సమాజంలో పాల్గొనడాన్ని, పరిసరాలను కూడా లెక్కలోనికి తీసుకొమ్మని చెప్పినది ఇందుకే.

ఉపకరణాల పంపిణీ సభలకు హాజరైన పాత్రికేయ మిత్రులకు ఒక సూచన. మూడు చక్రాల బండి అందుకొంటున్న ఛాయాచిత్రం వేసిన ఆరు నెలల తరువాత అదే ఇంటికి వెళ్ళి, బండి ఎక్కడ ఉన్నదో చూడండి. సందు ఇరుకై లోపలికి రాని బండి, నేల మీద కూర్చొని వంట చేసే ఇల్లాలికి ఇచ్చిన ఎత్తు కుర్చీ – ఇటువంటివాటికి కారణం తరచు ఒక్కటే: ఇచ్చే ముందు ఎవరూ ఎక్కడికి పోవాలి, ఏమి చేయాలి అని అడగలేదు. ‘వైకల్యాన్ని జయించిన వీరుడు’ అనే శీర్షిక కంటె ఆ వార్త పాఠకులకు ఎక్కువ ఉపయోగం.

మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ – నేటి పేరు జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ – రూపొందించిన పనితీరు మదింపు పట్టిక ఈ దృష్టికి దగ్గరగా ఉన్నది. వ్యక్తిగత, సామాజిక, విద్యా, వృత్తి అంశాలతో పాటు వినోదాన్ని కూడా అందులో చేర్చారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మరొక అడుగు వేసినది. తనకు ఎటువంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే వ్రాసి ఉంచుకొనే హక్కును వ్యక్తికి ఇచ్చినది. మండలాలలోని భవిత కేంద్రాలకు వచ్చే ప్రత్యేక అవసరాలు గల పిల్లల రికార్డులో ‘బిడ్డకు ఇష్టమైన పని’ అనే ఒక గడిని చేర్చడానికి ప్రత్యేక నిధులు అవసరం లేదు.

శిక్షణ, గుర్తింపు

జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం, 2021 ఆక్యుపేషనల్ థెరపిస్టులను గుర్తింపు పొందిన వృత్తి నిపుణులుగా చేర్చి, రాష్ట్ర మండళ్ళ ద్వారా నమోదుకు వీలు కల్పించినది. అంతకు పూర్వం దేశవ్యాప్తంగా ఈ వృత్తికి చట్టబద్ధమైన ఒకే నియంత్రణ లేదు. తెలుగు విద్యార్థులకు అందుబాటులో ఉన్న సంస్థలలో కటక్ సమీపాన ఓలత్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థ, చెన్నై సమీపాన ముట్టుకాడులోని బహుళ వైకల్య జాతీయ సంస్థ, కోల్‌కతాలోని చలన వైకల్య జాతీయ సంస్థ, వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాల ముఖ్యమైనవి. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారికి ప్రవేశం లభిస్తున్నది. నాలుగున్నర సంవత్సరాలుగా నడిచిన ఈ డిగ్రీ కాలపరిమితి, ప్రవేశ పరీక్షల నియమాలు 2021 చట్టం క్రింద మారుతున్నందున, అభ్యర్థులు ఆయా సంస్థల ప్రకటనలను ఆ విద్యా సంవత్సరానికి సంబంధించినంత వరకు సరిచూసుకొనవలెను. డిగ్రీలో భాగమైన ఇంటర్న్‌షిప్ కాలంలో విద్యార్థులు ఆసుపత్రి వార్డులతో పాటు సేవార్థుల ఇళ్ళకు కూడా వెళ్ళే అవకాశం ఉంటుంది.